తొడుగు ఎవరి కోసం?

అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్న నా స్నేహితురాలు ఒకసారి ఫోన్లో మాట్లాడుతూ, అక్కడ చలికాలం వచ్చిందంటే జనం గడ్డకట్టిన సరస్సుల మీదకి వెళ్ళి కూర్చుంటారని చెప్పింది. పదివేల సరస్సుల రాష్ట్రమని దానికి పేరు. మంచు కనీసం నాలుగు అంగుళాల మందం కట్టాక దాని మీద నడిచి వెళ్ళి, బరమాతో బెజ్జం వేసి, అందులోకి గాలం దించుతారట. వాళ్ళాయన ఆఫీసులో మగవాళ్ళు శనివారాలు అదే పని. నేను నవ్వాను. ఆ తర్వాత ఆమె ఆ సరంజామా అమ్మే కేటలాగులు రెండు నాకు పంపింది. వాటిని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. చదువుతుంటే నవ్వు పోయింది.

వాటిలో సగం చోటు రెండు విషయాలకే. ఒకటి చేతి తొడుగులు, రెండోది ఎరలు. తొడుగు గురించి వాళ్ళు రాసినంత శ్రద్ధగా మనం నాయిక ముంజేతి గురించి కూడా రాయలేదేమో అనిపించింది. లోపల ఉన్ని ఉండాలా, నియోప్రీన్ రబ్బరు ఉండాలా? తడిసినా ఉన్ని కొంత వెచ్చదనం నిలుపుతుంది, నూలు నిలపదు. గాలానికి ముడి వెయ్యాలంటే బొటనవేలూ చూపుడువేలూ బయటికి రావాలి, అందుకని ఆ రెండు వేళ్ళ కొసలు వెనక్కి మడిచే తొడుగులు. ఒక జత చాలదు, చేపని పట్టుకోవడానికి ఒకటి, ఊరికే కూర్చోవడానికి ఒకటి, తడిస్తే మార్చుకోవడానికి మరొకటి. అరచేయి కొలిచి సైజు ఎలా ఎంచుకోవాలో బొమ్మతో సహా ఉంది.

ఆ పేజీలన్నీ ఒక చేతిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నాయి. ఆ చేతికి చలేస్తుందని వాళ్ళకి తెలుసు. అది నొప్పి పడకూడదని వాళ్ళ పట్టుదల. ఎంచుకునే హక్కు దానికి ఉందని ముందే ఒప్పుకున్నారు. చేపలు పట్టకపోతే పస్తులుండే చెయ్యి కాదది. సరదా కోసం వారానికొక పూట ఐసు దగ్గరికి వెళ్ళే చెయ్యి.

మా ఉండి ప్రాంతంలో కూడా ఐసులో చేతులు పెట్టేవాళ్ళున్నారు. కొల్లేరు ఏ కాలంలోనూ గడ్డకట్టదు, వేసవిలో మా ఊళ్ళో నీడపట్టునే చెమటలు కారుతాయి. అయినా భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెల్లవారుజామున బండ్లెక్కి రొయ్యల షెడ్లకి వెళ్ళే ఆడవాళ్ళు రోజంతా ఐసులోనే ఉంటారు. ఆ చేతులకి ఏ తొడుగు నమ్మకమైనదో, ఏ సైజు సరిపోతుందో చెప్పే ఒక్క పేజీ తెలుగులో నాకు కనిపించలేదు. ఈ వ్యాసం అందుకే.

ఆ చేతులు ఐసులోకి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. మా అమ్మ తరం ఆడవాళ్ళ చేతులు బురదలో ఉండేవి. ఊడ్పులు, కలుపులు, కోతలు. రెండు పంటల డెల్టాలో ఏడాదికి రెండుసార్లు ఊడ్పుల కాలం వచ్చేది. నేను చదువుకున్న ఫీజుల్లో ఆ కూలి డబ్బులున్నాయి. 1980లలో వరి చేలు చేపల చెరువులవడం ఊపందుకుంది. ఆ దశాబ్దం చివర్లో టైగర్ రొయ్య వచ్చింది, 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు దాన్ని ఊడ్చేసింది. 2006లో కొల్లేరులో అయిదో కాంటూరు లోపల చెరువుల గట్లు కొట్టేశారు. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక సరస్సు బయట ఉన్న పొలాలు మళ్ళీ తవ్వడం మొదలైంది.

ఈ చరిత్రని పెట్టుబడి చరిత్రగా, పర్యావరణ చరిత్రగా చాలామంది రాశారు. దీన్ని ఆడవాళ్ళ పనిదినాల చరిత్రగా కూడా చదవాలి. ఎకరం వరికి ఊడ్పు నాడు వరస కట్టి నిలబడే ఆడవాళ్ళు కావాలి. అదే ఎకరం చెరువైతే మేత వేసే మగమనిషీ, రాత్రి కాపలాకి మరో మగమనిషీ చాలు. చెరువు తవ్విన రోజునే ఆ పొలం మీద ఆడవాళ్ళకున్న పని పోయింది. దానికి ఎవరూ నష్టపరిహారం లెక్క కట్టలేదు, ఎందుకంటే కూలికి పట్టా ఉండదు. భూములున్న కులాల వాళ్ళు చెరువుల యజమానులయ్యారు. ఊడ్పులకెళ్ళే దళిత, బీసీ కుటుంబాల ఆడవాళ్ళు షెడ్లకెళ్ళే ఆడవాళ్ళయ్యారు. ఊడ్పుల్లో పాట ఉండేది, జానపద సాహిత్యం పేరుతో దాని మీద మనం పరిశోధనలు కూడా చేశాం. షెడ్డులో నోటికి గుడ్డ కట్టుకోవాలి, మాట్లాడితే సూపర్‌వైజర్ చూస్తాడు. అక్కడ పుట్టిన పాట ఉందో లేదో వినడానికి మనలో ఎవరమూ లోపలికి వెళ్ళలేదు.

నాకు లోపలి సంగతులు చెప్పింది మా పిన్ని. అమ్మకి వరసకి చెల్లెలు. పదిహేనేళ్ళుగా రొయ్యలు ఒలుస్తోంది. ఆ షెడ్డు పేరు ఇక్కడ రాయను, అది ఏదైనా ఒకటే.

పని ఇలా ఉంటుంది. చెరువు నుంచి వచ్చిన రొయ్య చెడిపోకుండా నాలుగు డిగ్రీల లోపు చల్లదనంలో ఉండాలి. అందుకని రొయ్య మీద ఐసు, కింద ఐసు, మధ్యలో చేతులు. తల తియ్యాలి, పొట్టు ఒలవాలి, వీపు చీల్చి నల్లటి నరం లాగాలి. మధ్యమధ్యలో చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచాలి. కూలి చాలాచోట్ల కిలోల లెక్క. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. నూరు కౌంటు రొయ్య ఇరవై కిలోలు ఒలిచిందంటే ఆ మనిషి రెండువేల తలలు తీసినట్టు. ఒక్కో రొయ్యకి తల, పొట్టు, నరం అని మూడేసి కదలికలు వేసుకున్నా ఆరువేలు. యాభై కౌంటైతే అందులో సగం. రొయ్య చిన్నదైన కొద్దీ అదే కిలోకి వేళ్ళు ఎక్కువసార్లు కదలాలి. వేళ్ళ కదలికని తూచే త్రాసు ఏదీ లేదు.

"గ్లౌజులిస్తారుగా పిన్నీ?" అన్నాను.

"ఇత్తారమ్మాయ్, ఎందుకివ్వరు. నీలం రంగువి. పల్చగా ఉంటాయి. రొయ్య ముల్లు తగిలిందంటే చిరుగుద్ది. చిరిగిందంటే లోపలికి నీళ్ళు. ఇంక అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆ నీలం రంగు గురించి తెలుసుకోవాలనిపించింది. ఆహారం ముట్టుకునే ఫ్యాక్టరీల్లో తొడుగులు ఎక్కువగా నీలంగానే ఎందుకుంటాయి? తినే పదార్థం నీలంగా ఉండదు కాబట్టి. తొడుగు చిరిగి ఆ ముక్క రొయ్యల్లో కలిస్తే ఇట్టే కనపడాలి. చిరుగుతుందని ముందే తెలుసు. చిరిగాక రొయ్య పాడవకుండా ఏం చెయ్యాలో కూడా ముందే ఆలోచించారు. చిరిగాక చెయ్యి ఏమవుతుందనేది ఆ ఆలోచనలో భాగం కాదు. మా పిన్ని చేతికి ఉన్న తొడుగు ఆమె నుంచి రొయ్యని కాపాడుతోంది. రొయ్య నుంచీ, ఐసు నుంచీ ఆమెని కాపాడమని ఎవరూ దానికి చెప్పలేదు.

ఇది తొడుగుకే పరిమితమైన తర్కం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ళ చేత రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా పని చేయించకూడదంది. అదే సెక్షన్‌లో చేపల క్యూరింగ్, క్యానింగ్ ఫ్యాక్టరీలకి రాష్ట్ర ప్రభుత్వాలు మినహాయింపు ఇవ్వవచ్చని కూడా అంది. కారణం, ముడిసరుకు చెడిపోకూడదు. రాత్రిపూట ఆడదాని మానం గురించి అంత ఆరాటపడిన చట్టం, చేప కుళ్ళుతుందనేసరికి ఆ ఆరాటాన్ని పక్కన పెట్టింది. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ పాత చట్టం స్థానం తీసుకున్నాయి. ఇప్పుడు ఆడవాళ్ళు 'సమ్మతి'తో రాత్రిపూట పని చెయ్యవచ్చు. కిలోల లెక్కన బతికే మనిషి, బండి రాకపోతే పొయ్యి వెలగని మనిషి ఇచ్చే సమ్మతిని ఏమనాలో స్త్రీవాదులం ఇప్పటికే చాలా చర్చించాం. ఆ చర్చ పడకగది దగ్గర ఆగిపోకుండా షెడ్డు దాకా రావాలి.

చేతులకి ఏమవుతుందో చూద్దాం. చర్మం పదిహేను డిగ్రీల కంటే చల్లబడితే వేళ్ళ చురుకు తగ్గుతుంది. ఇంకా చల్లబడితే స్పర్శ పోతుంది. నీళ్ళు గడ్డకట్టేంత చలి లేకపోయినా గంటల తరబడి చల్లటి తడిలో ఉంటే నరాలు దెబ్బతింటాయి. చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారి మండే రేనాడ్స్ జబ్బు మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. రొయ్యలోని ప్రొటీన్లు కొందరికి చర్మం మీద దద్దుర్లూ, ఆయాసమూ తెస్తాయి. తొడుగు లేటెక్స్‌ది అయితే దానికి కూడా కొందరికి పడదు. ముల్లు గుచ్చుకున్న చోట చీము పడుతుంది. చేపలు పట్టుకునేవాళ్ళ చేతులకి వచ్చే ఎరిసిపెలాయిడ్ అనే ఇన్ఫెక్షన్‌కి వైద్య పుస్తకాల్లో ఎప్పటి నుంచో చోటుంది. వైద్యానికి తెలుసు. చట్టానికి తెలుసు. కొనేవాళ్ళకి కూడా తెలుసు. ఆంధ్రప్రదేశ్ రొయ్యల పరిశ్రమలో పని పరిస్థితుల మీద 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే అమెరికన్ సంస్థ నివేదిక వేసింది. తెలియకపోవడం ఇక్కడ సమస్య కాదు.

మా పిన్నికి రేషన్ షాపులో మెషిన్ మీద వేలు పెడితే ముద్ర పడదు. ఒకటికి నాలుగుసార్లు తుడుచుకుని, తలకి రాసుకుని పెడుతుంది. పది వేళ్ళూ అయ్యాక కోడలిని పంపిస్తుంది. రెండువేల తలలు తీసే వేళ్ళు ఎవరివో మెషిన్ గుర్తుపట్టదు. "నా ఏలు నాది కాదంటది ఆ మిసను" అని నవ్వుతుంది. దాని మీద నేను సిద్ధాంతం ఏమీ చెప్పదలుచుకోలేదు. ఆమె అన్నది చాలు.

మిన్నెసోటా స్నేహితురాలితో ఈ సంగతులు చెబితే, ఆమె ఇండియా వస్తూ మంచుమీద వేటకి వాడే తొడుగులు ఒక జత తెచ్చింది. ఆడవాళ్ళ సైజే. పిన్ని తొడుక్కుని వేళ్ళు ఆడించి చూసింది. వెచ్చగా ఉన్నాయంది. తర్వాత వంటింట్లోంచి రొయ్యలు తెచ్చి పళ్ళెంలో పోసి ఒలవబోయింది. నరం చిక్కలేదు. "ఇయి కూకోడానికమ్మాయ్, పనికి కాదు" అని తీసేసింది. అక్కడే కూర్చుని, నమ్మకమైన తొడుగంటే ఎలా ఉండాలో నాకు చెప్పడం మొదలుపెట్టింది. నేను రాసుకున్నాను.

మొదటిది సైజు. తొడుగు సైజంటే బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టుకొలత, సుమారుగా అంగుళాల్లో. టేపుతో కొలిస్తే పిన్నిదీ, ఆమెతో పనిచేసే మరో నలుగురిదీ ఆరున్నరకీ ఏడుకీ మధ్య వచ్చింది. షెడ్డులో ఇచ్చేవి ఎనిమిది. అందరికీ పడతాయని పెద్దవే తెప్పిస్తారు. వేళ్ళ కొసలు ఖాళీగా వేలాడి పొట్టులో చిక్కుకుంటాయి, అక్కడే చిరుగుతాయి. మణికట్టు దగ్గర జారకుండా వీళ్ళు రబ్బరు బ్యాండ్లు వేసుకుంటారు, దాంతో రక్తం ఆడక తిమ్మిరి. పెద్దది అందరికీ పడుతుందన్నది మగ చేతిని కొలతగా పెట్టుకున్న లెక్క.

రెండోది, రెండు పొరలు. లోపల పల్చటి నూలు తొడుగు, పైన నీళ్ళు దూరని నైట్రైల్‌ది. లేటెక్స్ పడనివాళ్ళకి కూడా నైట్రైల్ ఇబ్బంది పెట్టదు. నూలు పొడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, చెమటకి తడిసినా చల్లబడిపోతుంది. అందుకని నూలువి పూటకి రెండు జతలన్నా ఉండాలి. ఒక జత చాలదని కేటలాగు చెప్పిన మాటని, దాని మొహం చూడని మా పిన్ని కూడా చెప్పింది. మూడోది, ముల్లు గుచ్చుకునే ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ అదనంగా మందం. వీళ్ళు ఆ రెండు వేళ్ళకీ గుడ్డ పేలికలు చుట్టుకుంటున్నారు. సూపర్‌వైజర్ చూస్తే విప్పించేస్తాడు, దారపు పోగు రొయ్యలో పడుతుందని.

నాలుగోది చెప్పే ముందు పిన్ని కాస్త ఆగింది. "ఎంత మంచియి ఇచ్చినా కొంతమంది తీసేత్తారమ్మాయ్. నేనూ తీసేత్తాను. గ్లౌజేసుకుంటే రొయ్య తెలీదు. నాలుగు కిలోలు తగ్గిపోద్ది." గ్లౌజులిచ్చినా వేసుకోరు, చదువులేని ఆడవాళ్ళు, ఏం చేస్తాం అని యాజమాన్యాలు అనే మాట వెనక ఉన్నది ఈ నాలుగు కిలోలు. తొడుగు వల్ల తగ్గే వేగం ఖర్చు ఎవరు భరించాలి? కిలో రేటు ఉన్నంతకాలం అది ఆమె కూలిలోంచి పోతుంది. చేతులా, కూలా అని రోజూ తేల్చుకోవలసి రావడాన్ని ఎంపిక అనలేం.

ఇక ఎరలు. కేటలాగులో రెండో సగం వాటిదే. మన వైపు ఎర అంటే వానపాము. కొల్లేటి పక్క పిల్లలు బొమ్మిడాయి కోసం గాలానికి గుచ్చేది నిజమైన ఎర, చేప చచ్చినా ఒక ముద్ద తిని చస్తుంది. అక్కడి ఎరలు ఎక్కువగా బొమ్మలు. టంగ్‌స్టన్ లోహంతో చేసినవి గింజంత ఉండి బరువుగా వేగంగా దిగుతాయి. చీకట్లో మెరిసేవి ఉన్నాయి. వాటితో పాటు ఒక సూత్రం రాశారు. చలికి చేప ఒళ్ళు మందగిస్తుంది, పెద్ద ఎరని తరమదు, కాబట్టి చిన్న ఎర వేసి కొద్దిగా కదపాలి.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా పిన్ని వాళ్ళకి పడే ఎరలూ చిన్నవే. నెలంతా నాగా పెట్టకపోతే కొంచెం బోనస్. పండక్కి ముందు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు. ఇంటి ముందుకే వచ్చే బండి. పక్క షెడ్డు కంటే కిలోకి కాస్త ఎక్కువ. ఏదీ పెద్దది కాదు, ఒక్కోటీ కొద్దిగా కదులుతూ ఉంటుంది. అడ్వాన్సు తీరేదాకా షెడ్డు మారడానికి లేదు. నాగా పెడితే బోనస్ పోతుంది కాబట్టి వేలికి చీము పట్టినా వెళ్ళాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు వీళ్ళ ఊరికి బండి వారానికి మూడు రోజులే వచ్చింది. నాగా పెట్టింది షెడ్డే, బోనస్ పోయింది మాత్రం వీళ్ళకి. మిన్నెసోటా దుకాణంలో 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా' అని ఉన్న ఒలిచిన రొయ్యల సంచి ఫొటో నా స్నేహితురాలు పంపితే పిన్నికి చూపించాను. చాలాసేపు చూసి, "నరం సరిగ్గా తియ్యలేదు ఎవరో" అంది. పనిమంతురాలి చూపు అది. ఎరల గురించి మాట్లాడేటప్పుడు ఆ చూపుని మరిచిపోకూడదు. వాళ్ళు మోసపోయిన చేపలు కారు. ఎర ఏదో, గాలం ఎక్కడుందో తెలిసే కొరుకుతారు, ఎందుకంటే చుట్టూ ఉన్న నీళ్ళలో వేరే తిండి లేకుండా చేసేశారు.

సాహిత్యం చదువుకున్న మనకి ఇందులో పనేమిటని అడిగేవాళ్ళుంటారు. మన కావ్యాల్లో ఆడదాని చెయ్యి చిగురాకు, తామరపువ్వు. స్త్రీవాద సాహిత్యం వచ్చి ఆ పోలికని తోసేసి, వంటింట్లో అంట్లు తోమే చేతిని కవితలోకి తెచ్చింది. విమల 'వంటిల్లు' ఆ పని చేసిన కవితల్లో ఒకటి. 'నల్లపొద్దు' దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చి, చేతులన్నీ ఒకటి కావని చూపించింది. అక్కడి నుంచి ఇంకో అడుగు వెయ్యాల్సి ఉంది. మనం పరిశోధన పత్రాల్లో దేహం, దేహ రాజకీయాలు అని రాస్తుంటాం. ఆ దేహానికి అరచేతి చుట్టుకొలత ఆరున్నర అంగుళాలని కూడా రాయాలి. ఒక షెడ్డులో ఎన్ని సైజుల తొడుగులున్నాయో లెక్క పెట్టడం స్త్రీవాద విమర్శ కిందికి రాదని నేననుకోను.

పిన్ని చెప్పిన అయిదోది మిగిలింది. అసలైనది అదేనంది. గంటకి పది నిమిషాలు. గోరువెచ్చటి నీళ్ళలో చేతులు కడుక్కుని, తుడుచుకుని, కొబ్బరినూనె రాసుకుని, ఎండలో నిలబడి, పొడి నూలు తొడుగు మార్చుకుని వచ్చేటంత టైము. ఆ పది నిమిషాలకీ కూలి ఉండాలి. "అది ఇత్తే ఏ గ్లౌజులైనా పర్లేదమ్మాయ్. అది ఇయ్యకపోతే ఏ గ్లౌజులూ ఆగవు" అంది. ఏ కేటలాగులోనూ ఆ తొడుగుకి ధర వెయ్యలేదు. కూలి ఒప్పందంలో రాయించుకోవలసిన తొడుగు అది.